1879 సిడ్నీ గొడవ: తప్పు అంపైర్ కుల్తార్డ్‌దేనా?

కవర్ పాయింట్:
1879 ఫిబ్రవరి 8న సిడ్నీ ఉన్న రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్ జట్టు ఫాలో ఆన్ (మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే రెండోసారి బ్యాటింగ్) ఆడుతోంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన లార్డ్ హారిస్ జట్టు వెంట తెచ్చుకున్న అంపైర్ జార్జ్ కుల్తార్డ్, న్యూ సౌత్ వేల్స్ బ్యాట్స్‌మన్ బిల్లీ మర్డాక్‌ను రనౌట్ ఇచ్చాడు. జనం మైదానంలోకి దూసుకొచ్చారు. కుల్తార్డ్‌ది మెల్‌బోర్న్. ఆ ఊరికీ సిడ్నీకీ అసలే పడదు. ఇది పక్షపాతం కాక మరేంటి?

పాత స్కోర్‌బుక్:
నేను ఒప్పుకోనండి. రెండో అంపైర్ ఎడ్మండ్ బార్టన్ సిడ్నీ మనిషే, తర్వాత ఆస్ట్రేలియా మొదటి ప్రధాని. ఆ ఔట్ సరైనదేనని ఆయనే చెప్పాడు. సొంతూరివాడే చెప్పాక ఇంకెవరు చెప్పాలి?

అసలు మంట పందాలది. పెవిలియన్‌లోనే బాహాటంగా పందాలు కాసేవాళ్లు. మొదటి ఇన్నింగ్స్‌లో 82 కొట్టి ఔట్ కాకుండా నిలిచిన మర్డాక్ ఈసారి 10కే వెనుదిరిగేసరికి పందెం కాసినవాళ్లకు మండింది. న్యూ సౌత్ వేల్స్ కెప్టెన్ డేవ్ గ్రెగరీ అంపైర్‌ను మార్చాల్సిందేనన్నాడు. హారిస్ ససేమిరా అన్నాడు. జనం ఎగబడితే కుల్తార్డ్‌కు అడ్డంగా నిలబడి కర్ర దెబ్బ తిన్నదీ హారిసే. కొట్టినవాణ్ణి హారిస్ జట్టు ఆటగాడు హార్న్‌బీ పట్టుకుని, చొక్కా చిరిగినా వదలకుండా పెవిలియన్ దాకా ఈడ్చుకెళ్లాడు. (సచిన్, కాంబ్లీ కలిసి 664 పరుగులు కొట్టిన స్కూల్ టోర్నీ హారిస్ షీల్డ్ ఉంది కదా, అది ఈ హారిస్ పేరు మీదే.)

కవర్ పాయింట్:
మరి హారిస్ కీపర్‌కు క్యాచ్ ఇచ్చినా కుల్తార్డ్ నాటౌట్ అన్న సంగతో?

పాత స్కోర్‌బుక్:
అది తప్పే. హారిస్ కూడా తర్వాత రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. కానీ తప్పు వేరు, మోసం వేరు. కుల్తార్డ్ 22 ఏళ్ల కుర్రాడు, మెల్‌బోర్న్ క్రికెట్ క్లబ్ జీతగాడు. ఒక జట్టు తెచ్చుకున్న మనిషిని నిలబెడితే, సరైన నిర్ణయం ఇచ్చినా ఎదుటివాళ్లు నమ్మరు. నా కోపమంతా ఆ ఏర్పాటు మీదే. 1986లో పాకిస్థాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్ పట్టుబట్టి వెస్టిండీస్‌తో టెస్టుకు మన అంపైర్లు రామస్వామి, పీలూ రిపోర్టర్‌లను పిలిపించుకున్నది ఇందుకే. రెండు ఎండ్‌లలోనూ బయటి దేశాల అంపైర్లు రావడానికి 2002 దాకా పట్టింది.

కవర్ పాయింట్:
ఏర్పాటు తప్పంటే సరే. గ్రెగరీని మాత్రం తప్పు పట్టలేను, తన జట్టు కోసం అడిగాడు.

పాత స్కోర్‌బుక్:
అడగడం తప్పని నేనూ అనను. తర్వాతి బ్యాట్స్‌మన్‌ను పంపకుండా ఆట ఆపడం తప్పు. ఇంకో మాట. 1882లో అదే మైదానంలో కుల్తార్డ్ ఆస్ట్రేలియాకు ఒకే ఒక్క టెస్టు ఆడాడు. చివరి బ్యాట్స్‌మన్‌గా దిగి 6 నాటౌట్. మరుసటి ఏడాదే క్షయతో పోయాడు, 27 ఏళ్లకే.