2015 పోలో జీటీ టీఎస్‌ఐ: ఆ గేర్‌బాక్సును నమ్మి కొనవచ్చునా?

ప్రశ్న (మారతహళ్లి నుంచి అనంతపురం వాసి)

సభ్యులకు నమస్కారం. మాది అనంతపురం, ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. 2015 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ కారు ఒకటి అమ్మకానికి వచ్చింది. కేఏ నంబరు, ఇంకా మొదటి యజమాని చేతిలోనే ఉంది. హెబ్బాళ దాటాక నడిపి చూశాను. 105 పీఎస్ శక్తి కాగితం మీద పెద్ద అంకె కాకపోయినా, 175 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) తక్కువ ఆర్‌పీఎంలోనే అందడం వల్ల కాలు మోపగానే బండి ఉరుకుతోంది. అయితే ఆ ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు, పేరెత్తితే చాలు, అందరూ మొహం చిట్లిస్తున్నారు. రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసుకు, నెలకోసారి ఊరికి వెళ్లాలి. మా ఇంట్లో ఉండబోయే బండి ఇదొక్కటే. ఏమంటారు?

జవాబు (ఇంజినుప్రియ)

డీఎస్‌జీలన్నీ ఒకటి కావు. ఇందులో ఉన్నది డీక్యూ200 అనే డ్రై క్లచ్ రకం. దానిలోని రెండు క్లచ్‌లలో ఒకటి 1, 3, 5, 7 గేర్లనూ, రెండోది 2, 4, 6, రివర్సులనూ చూసుకుంటుంది. వీటిని చల్లబరిచే ఆయిల్ లేదు కనుక, సిల్క్ బోర్డు దగ్గర అడుగులో అడుగు వేసే ట్రాఫిక్‌లో క్లచ్ సగం పట్టి, సగం జారి వేడెక్కుతుంది. అంతకంటే ఖరీదైన తలనొప్పి మెకట్రానిక్, అంటే గేర్లు మార్చే హైడ్రాలిక్స్, కంప్యూటరు కలిసి ఉండే భాగం. అందులో ఒత్తిడిని నిలిపి ఉంచే అక్యుములేటర్ దగ్గర లోహం చీలి ఆయిల్ కారిపోతే బండి ఉన్నచోటే ఆగిపోతుంది. ఇవి పుకార్లు కావు. 2012లో ఫోక్స్‌వ్యాగన్ చైనాలో డీఎస్‌జీ వారంటీని పదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లకు పొడిగించింది. 2013లో సింథటిక్ ఆయిల్ వల్ల విద్యుత్ లోపాలు వస్తున్నాయని ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల బండ్లను వెనక్కి పిలిచి, మినరల్ ఆయిల్‌కు మార్చింది.

మీరు హెబ్బాళ దాటాక నడపడం వల్ల ప్రయోజనం లేదు. ఖాళీ రోడ్డు మీద ఇది ఎప్పుడూ బుద్ధిమంతురాలే. గంటసేపు ట్రాఫిక్‌లో తిప్పి, వేడెక్కాక ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు మారేటప్పుడు వణుకుతోందేమో చూడండి. బేస్‌మెంట్ ర్యాంపును రివర్సులో ఎక్కించండి. స్కాన్ టూల్‌తో ఎర్రర్ కోడ్లు చదివించి, అమ్మేవారు ముందే చెరిపించి ఉండవచ్చు కాబట్టి, కొంత దూరం నడిపాక మళ్లీ చదివించండి. క్లచ్ ప్యాక్ మార్చిన బిల్లు చూపిస్తే బెదరకండి, ఆ ఖర్చు మీకు తప్పినట్టే.

జవాబు (హొసూరు రోడ్డు)

బండి ఎలాంటిదన్నది పక్కన పెడితే, "ఇదొక్కటే" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. ఇంట్లో మరో బండి ఉంటే ఇది వారాలపాటు వర్క్‌షాపులో ఉన్నా గడుస్తుంది. బాగేపల్లి, పెనుకొండల మధ్య పిల్లాజెల్లాతో ఆగిపోతే, ఈ గేర్‌బాక్సు విప్పగల మెకానిక్ ఆ దారిలో దొరకడం కష్టం. 2020లో బీఎస్-6తో వచ్చిన 1.0 టీఎస్‌ఐ చూడండి: 110 పీఎస్, టార్క్ అంతే, ఆటోమేటిక్ కావాలంటే ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్, అంటే క్లచ్ బదులు ఆయిల్ ద్వారా శక్తిని అందించే రకం. మూడు సిలిండర్ల ఇంజిన్ కనుక శబ్దంలో పాత నునుపు ఉండదు. మన దేశంలో పోలో ఉత్పత్తి 2022లో ఆగిపోయింది కాబట్టి మంచి బండికి ధర గట్టిగానే చెబుతారు.

జవాబు (టర్బో తాతయ్య)

నేనైతే కొంటాను, కానీ మెకట్రానిక్ మార్చడానికి అయ్యే ఖర్చును బేరంలోనే తగ్గించుకుంటాను. ఒక్క మాట: రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటరు ప్రోగ్రామును మార్చి బలం పెంచడం, దాని జోలికి పోవద్దు. డీక్యూ200 మోయగల టార్క్‌కు కంపెనీ పెట్టిన హద్దు 250 న్యూటన్ మీటర్లు.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. స్కానింగుకు యజమాని ఒప్పుకున్నారు గానీ, ట్రాఫిక్‌లో గంటసేపు తిప్పుతానంటే ససేమిరా అన్నారు. అందుచేత దీన్ని వదిలి 2020 టార్క్ కన్వర్టర్ బండి కోసం చూస్తున్నాను. ఎవరి ఎరుకలోనైనా ఉంటే తెలియజేయగలరు. ఏపీ నంబరైతే కర్ణాటకలో మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి కనుక, కేఏ నంబరువే చెప్పండి.