క్రాంజీ, బ్రిటన్ స్మశానాల్లో మన సైనికుల సమాధులు: వెతికే పద్ధతి, వెళ్లేముందు చూసుకోవాల్సినవి

పెన్నగట్టు: సింగపూర్‌లో చనిపోయిన ఒక సైనికుడి సమాధి చూడాలి. చేతిలో ఉన్నవి మూడే: ఒంటి పేరు, మద్రాస్ సాపర్ (సైన్యంలో ఇంజినీరింగ్ దళం సిపాయి) అన్న మాట, 1942. నేరుగా క్రాంజీ వార్ సిమెట్రీకి వెళ్తే దొరుకుతుందా? దీపం పెట్టనిస్తారా?

రికార్డుగది: నేరుగా వెళ్తే కష్టమండి. అక్కడ 4,400 పైచిలుకు సమాధులున్నాయి, అందులో 850కి పైగా ఎవరివో తెలియనివే. పక్కన సింగపూర్ మెమోరియల్ మీద ఇంకో 24,000కు పైగా పేర్లు. ముందు ఈ యుద్ధ సమాధులను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్లో పేరు పట్టుకుని, సమాధి నంబరు రాసుకుని బయల్దేరండి.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది సర్‌నేమ్ గడి దగ్గర. అందులో మన ఇంటిపేరు వేస్తే చాలాసార్లు ఏమీ రాదు, ఎందుకంటే సైన్యం కాగితాల్లో ఇంటిపేరు ఎక్కిందే తక్కువ. మనిషి పేరునే ఆ గడిలో వేసి, ఫస్ట్ నేమ్ గడి ఖాళీగా వదిలేయండి. పేరంతా కొట్టొద్దు. వెంకటస్వామి చివర ఐ ఉందో వై ఉందో, స్వామిని సామి అని రాశారో ఎవరు చెప్పగలరు? ఇంగ్లిషులో మొదటి నాలుగైదు అక్షరాలు చాలు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం, ఇండియన్ ఆర్మీ, సింగపూర్ అని వడకట్టండి. రోజు, నెల వేయకండి. ఇంటికొచ్చిన కబురులోని తేదీ, రిజిస్టర్లో తేదీ కలవకపోవచ్చు.

ఒకే పేరుతో పదిమంది వస్తే అదనపు సమాచారం చదవాలి. తండ్రి పేరో భార్య పేరో, ఊరో ఉంటే అక్కడే ఉంటుంది. జిల్లాలు పాత స్పెల్లింగుల్లో వస్తాయి: విజగాపటం, కిస్ట్నా, కుడ్డపా, గంజాం. మొత్తానికి మద్రాస్ అని ఒక్క ముక్కతో వదిలేసినవీ ఉంటాయి.

సాపర్లైన్: దళాల పేర్ల విషయంలో రెండు జాగ్రత్తలు. మొదటి ప్రపంచ యుద్ధం రికార్డుల్లో మద్రాస్ సాపర్లు 2వ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్ పేరుతో ఉంటారు, మద్రాస్ అని కొడితే రారు. రెండోది, 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని కనబడగానే తెలంగాణ వాళ్లనుకోవద్దు. అందులో కుమావోనీలు, జాట్లు, అహీర్లు ఎక్కువ. 1945లో అదే కుమావోన్ రెజిమెంట్ అయింది. నిజాం సంస్థానం పంపిన 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ వేరు, 1941 డిసెంబరులో కోట భరూ ఎయిర్‌ఫీల్డ్ దగ్గర ఉన్నది అది.

వంటవాళ్లు, మోతకూలీలు కూడా సైన్యం లెక్కలో ఉంటే రిజిస్టర్లో ఉంటారు. హోదా దగ్గర సిపాయి బదులు ఫాలోయర్, కుక్, లేబరర్ అని చూసి పక్కన పెట్టేయకండి.

పెన్నగట్టు: దొరికింది! కానీ ప్లాట్ (సమాధుల భాగం), రో (వరస) ఏవీ లేవు. కాలమ్ అని ఒక నంబరు మాత్రం ఉంది.

రికార్డుగది: అంటే విడిగా సమాధి లేదని. పేరు సింగపూర్ మెమోరియల్ స్తంభాల మీద చెక్కి ఉంటుంది. కాలమ్ నంబరు దగ్గరికి వెళ్లాక దళం పేరు, దాని కింద హోదా, దాని కింద అక్షర క్రమం. ఈ వరసలో చూస్తే రెండు నిమిషాల పని. నేరుగా పేరుతో వెతికితే మెడ పట్టేస్తుంది, పై వరసలు చాలా ఎత్తు.

రిజిస్టర్లో క్రిమేషన్ మెమోరియల్ అని వస్తే అది వేరే చోటు. దహనం చేసిన దాదాపు 800 మంది పేర్లు, ఎక్కువగా అవిభక్త భారత సైన్యం వాళ్లవి, పెద్ద మెమోరియల్ వెనకాల ఉంటాయి. చాలామంది అటు తిరక్కుండానే వచ్చేస్తారు.

క్రాంజీదారి: నార్త్ సౌత్ లైన్లో క్రాంజీ స్టేషన్లో దిగితే నడిచి వెళ్లొచ్చు. స్థలం గుట్ట మీద, సమాధుల మధ్య నీడ తక్కువ. నీళ్లు, గొడుగు తప్పనిసరి. ఫోన్లో పెట్టుకున్నా సరే, నంబర్లు కాగితం మీద కూడా రాసుకోండి.

ఫొటోకి ఎండ రాయికి ఎదురుగా పడితే అక్షరాలు కలిసిపోతాయి. పక్కనుంచి వెలుతురు పడితే చెక్కుడు లోతు తేలుతుంది. నీడలో ఉంటే టార్చిని రాయికి దగ్గరగా, పక్కవాటుగా పట్టండి, లేదా తెల్ల అట్టతో ఎండను మళ్లించండి. సుద్దపొడి, పిండి, షేవింగ్ క్రీము పూసి చదివేవాళ్లున్నారు. దయచేసి వద్దు.

సున్నపురాయి: దీపం సంగతి ఎవరూ చెప్పలేదు. వద్దండి. బ్రిటన్‌లో ఈ రాళ్లు చాలావరకు పోర్ట్‌లాండ్ సున్నపురాయి. నూనె చుక్క పడితే పీల్చేసుకుంటుంది, ఆ మచ్చ తుడిస్తే పోదు. పసుపు, కుంకుమ కూడా అంతే. నిమ్మరసం, వెనిగర్ తగిలితే రాయే కరుగుతుంది, ఆమ్లానికి సున్నపురాయి ఆగదు. నాచు ఉందని బ్రష్షుతో రుద్దినా అక్షరాల అంచులు అరుగుతాయి. రాయి మారినా, దేశం మారినా పద్ధతి ఇదే పాటించండి.

విడిపూలు రాయికి ఆనకుండా కింద పెట్టండి. ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు తీసేయండి, గడ్డి కోసే మెషీన్లో చుట్టుకునేవి అవే. పాదు మొక్కలు తొక్కకండి.

సర్రేరైలు: బ్రిటన్ కథ వేరు. ఊళ్లో మామూలు స్మశానాల్లో ఒకటో, ఐదో తెల్లరాళ్లు ప్రజల సమాధుల మధ్య చెదిరి ఉంటాయి. గేటు దగ్గర కమిషన్ వాళ్ల పచ్చ బోర్డు ఉంటే లోపల ఉన్నట్టే. రాయి ఎత్తు 81 సెంటీమీటర్లు, వెడల్పు 38, పైభాగం కొద్దిగా వంపు. దూరంనుంచే పోల్చుకోవచ్చు.

చిక్కు నంబర్లతో. సెక్షన్ సీ, గ్రేవ్ 1234 అంటే 1233 పక్కనే ఉంటుందని నమ్మొద్దు, కొన్నిచోట్ల నంబర్లు పాతిపెట్టిన వరసలో వేశారు. మ్యాపు కౌన్సిల్ సిమెట్రీ ఆఫీసులో ఉంటుంది. వారంలో పనిరోజుల్లో ముందే మెయిల్ పెట్టి స్కెచ్ అడగండి. అన్‌కాన్స్ అని ఉంటే చర్చి ప్రతిష్ఠ చేయని భాగం, ఆంగ్లికన్లు (ఇంగ్లండ్ చర్చికి చెందినవాళ్లు) కానివాళ్లు ఎక్కువగా అటువైపు. స్క్రీన్ వాల్ అని ఉంటే రాయి కోసం తిరక్కండి, పేరు గోడ మీద ఉంటుంది. చలికాలంలో గేట్లు తొందరగా మూసేస్తారు, ఆ వేళలూ అడగండి.

హిందూ, సిక్కు సైనికులను దహనం చేసినందువల్ల ఇంగ్లండ్‌లో వాళ్లకు సమాధులు అరుదు. బ్రైటన్ దగ్గర ప్యాచమ్ గుట్టల మీద 53 మందిని దహనం చేశారు, అక్కడే ఛత్రీ (గొడుగులాంటి స్మారక మంటపం) కట్టి 1921లో ఆవిష్కరించారు. పేర్లు చెక్కిన స్మారకం పక్కన 2010లో వచ్చింది. కారు పైదాకా పోదు, పొలాల గుండా నడవాలి, బూట్లు వేసుకోండి. ముస్లిం సైనికులవి వోకింగ్ నుంచి 1968లో బ్రూక్‌వుడ్‌కు మార్చారు. లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి రైలుంది, స్టేషన్ స్మశానానికి ఆనుకునే ఉంటుంది.

పెన్నగట్టు: రిజిస్టర్లో ఊరి పేరు తప్పు పడింది. మారుస్తారా?

రికార్డుగది: ఆధారం చూపిస్తే పరిశీలిస్తారు. పెన్షన్ కాగితం, సర్వీసు బుక్కు లాంటి ఆనాటి పత్రాలు స్కాన్ చేసి సైట్లోని ఫారం ద్వారా పంపండి. ఇంట్లో చెప్పుకునే మాట ఒక్కటే అయితే చాలదు. సర్వీసు నంబరు తప్పకుండా రాయండి, ఒకే పేరువాళ్ల ఫైళ్లు కలిసిపోకుండా ఉంటాయి.