హెమటోక్రిట్ 55 దాటింది: రక్తం ఇచ్చి అదే డోసు కొనసాగించాలా, డోసే తగ్గించాలా?

రెండో_ఇన్నింగ్స్

అందరికీ నమస్కారం. వయసు 47. టెస్టోస్టిరాన్ ఎనాంథేట్ ఇంజెక్షన్ రెండు వారాలకోసారి 250 మిల్లీగ్రాములు తీసుకుంటున్నాను. మొదలుపెట్టి ఏడాది దాటింది. అంతకుముందు పొద్దున్నే పరగడుపున రెండు విడతలు పరీక్ష చేయిస్తే, రెండుసార్లూ టెస్టోస్టిరాన్ 200 లోపే వచ్చింది. అప్పట్లో మెట్లెక్కి పైకొస్తే చాలు, కాసేపు కూలబడేవాణ్ని. ఇంట్లోవాళ్లతో మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. మందు పడ్డాక మళ్లీ మనిషినయ్యాను, అందులో అనుమానం లేదు.

మొన్నటి రిపోర్టులో హెమటోక్రిట్ 55.2 వచ్చింది. అంటే రక్తంలో సగానికి పైగా ఎర్రకణాలే. డాక్టర్ గారు కొన్నాళ్లు ఇంజెక్షన్ ఆపి, అది దిగాక తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెడదామన్నారు. జిమ్‌లో తెలిసినవాళ్లు మాత్రం "రక్తం ఇచ్చేయ్, డోసు ముట్టుకోకు" అంటున్నారు. డోసు తగ్గిస్తే పాత రోజులు తిరిగొస్తాయేమోనని ఒకటే టెన్షన్. వాడుతున్నవాళ్లు చెప్పండి.

ఉక్కు_భుజం

అన్నా, రక్తం ఇచ్చి ప్రశాంతంగా ఉండండి. నేను ఏళ్లుగా అదే చేస్తున్నాను. హెమటోక్రిట్ 54 దాటకూడదనే గీత ఎవరూ ప్రయోగం చేసి తేల్చింది కాదు, నిపుణులు కూర్చుని ఒప్పుకున్న అంకె. ఎత్తైన కొండల మీద ఉండేవాళ్లకు మనకంటే ఎర్రకణాలు ఎక్కువే, వాళ్లంతా గుండెపోటుతో పోతున్నారా? డోసు తగ్గిస్తే మళ్లీ మంచానికి అతుక్కుపోయేది మీరు, డాక్టరు కాదు. పైగా ఆ రక్తం ఎవరికో పనికొస్తుంది.

ల్యాబ్_కోటు

54 నిపుణుల అంగీకారమే, ఆ మాట నిజం. హార్మోన్ల నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకాల్లో ఉన్న గీత అది. దాటితే మందు ఆపి, దిగాక తక్కువ డోసుతో మొదలుపెట్టమని చెప్పారు. అంటే రెండో_ఇన్నింగ్స్ గారి డాక్టరు చెప్పింది సొంత కవిత్వం కాదు. ఇక కొండల మీద వాళ్ల సంగతంటారా, వాళ్లలోనూ రక్తం మరీ చిక్కబడి జబ్బు పడేవాళ్లున్నారు. దాన్ని దీర్ఘకాలిక పర్వత వ్యాధి అంటారు.

అసలు గొడవ వేరే ఉంది. టెస్టోస్టిరాన్ కిడ్నీల్లో ఎరిత్రోపోయిటిన్‌ను, అంటే ఎర్రకణాలు తయారుచేయమని చెప్పే హార్మోన్‌ను పెంచుతుంది, ఇనుమును కట్టడి చేసే హెప్సిడిన్ లివర్‌లో తయారవకుండా అణిచేస్తుంది. దాంతో ఇనుము ధారాళంగా అంది, ఎముక మజ్జ ఎర్రకణాలను తయారుచేస్తూనే పోతుంది. ఒక యూనిట్ రక్తం తీస్తే హెమటోక్రిట్ సుమారు 3 పాయింట్లు దిగుతుంది. డోసు అదే కాబట్టి మజ్జ పని ఆగదు, మళ్లీ ఎక్కుతుంది. మళ్లీ రక్తం ఇస్తారు. ఒక్కో యూనిట్‌తో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. కొంతకాలానికి ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ అడుగంటుతుంది. అప్పుడు నీరసం వస్తుంది, రాత్రి పడుకుంటే కాళ్లు కుదురుగా ఉండవు. మనిషేమో "డోసు చాలట్లేదు" అనుకుని ఇంకా పెంచుతాడు.

నా దగ్గరికి వచ్చే స్లైడ్లలో ఇది కళ్లారా చూస్తుంటాను. హెమటోక్రిట్ ఇంకా పైనే ఉంటుంది, ఫెరిటిన్ పది లోపు, మైక్రోస్కోపు కింద కణాలు చిన్నగా, మధ్యలో పాలిపోయి కనిపిస్తాయి. ఆ మనిషికి రక్తం ఎక్కువా, తక్కువా? రెండూ. అందుకే రక్తం తీయడం అత్యవసరానికి డాక్టరు చేయించాల్సిన పనే తప్ప, ఎక్కువ డోసును కాపాడుకునే పద్ధతి కాకూడదని నా గట్టి అభిప్రాయం.

రెండో_ఇన్నింగ్స్ గారూ, పరీక్షకు నీళ్లు తాగకుండా వెళ్లారా? ఒంట్లో నీరు తగ్గినా ఈ అంకె పైకి చూపిస్తుంది. గురక ఉందా? సిగరెట్ అలవాటుందా? సిగరెట్టూ, గురక వెనక ఉండే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) కూడా ఎర్రకణాలను పెంచేవే. ఆప్నియా ఉంటే టెస్టోస్టిరాన్ దాన్ని ముదరబెట్టవచ్చు కూడా.

ఉక్కు_భుజం

ఫెరిటిన్ గురించి చెప్పింది ఒప్పుకుంటాను. కానీ భయపెట్టడం ఎందుకండీ? 2023లో ట్రావర్స్ అనే పెద్ద ట్రయల్ వచ్చింది కదా. గుండె జబ్బు ఉన్నవాళ్లు, వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లు 5,200 మందికి పైగా పాల్గొన్నారు. గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధిత మరణాలు కలిపి చూస్తే మందు వాడినవాళ్లలో 7.0 శాతం, మందు లేని ఉత్తి జెల్ వాడినవాళ్లలో 7.3 శాతం. ఇంకేం కావాలి?

ల్యాబ్_కోటు

ఆ ట్రయల్‌లో ఇచ్చింది రోజూ రాసుకునే జెల్. టెస్టోస్టిరాన్ 350, 750 మధ్య ఉండేలా, హెమటోక్రిట్ 54 దాటకుండా డోసు సర్దుతూ ఇచ్చారు. మీరు వద్దంటున్న పనినే వాళ్లు చేశారు! ఆ ఫలితాన్ని చూపించి 55 మీద అదే డోసు కొనసాగించమంటే ఎలా? అంత జాగ్రత్తలోనూ ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు 0.9 శాతం మందికి వచ్చాయి, రెండో గుంపులో 0.5 శాతమే. గుండె లయ తప్పడం కూడా మందు వాడినవాళ్లలోనే ఎక్కువ.

ఇంట్లోమనిషి

నేను వాడేదాన్ని కాదు, వాడే ఆయన భార్యని. మా ఆయనకూ రెండు వారాలకోసారే వేసేవాళ్లు. సూది పడ్డ రెండో మూడో రోజున ఆయన గ్లాసు బల్ల మీద పెట్టే చప్పుడుకే పిల్లలు పక్క గదిలోకి వెళ్లిపోయేవాళ్లు. ముఖం నిండా మొటిమలు, మడమల దగ్గర వాపు. రెండో వారం చివరికొచ్చేసరికి పలకరించినా పలికేవారు కాదు. మందు పనిచేయట్లేదని ఆయన, ఎక్కువైందని నేను వాదించుకునేవాళ్లం.

డాక్టర్ గారు మొత్తం కాస్త తగ్గించి, మిగిలినదాన్ని వారం వారం వేసుకునేలా విడగొట్టారు. ఆ ఎగుడుదిగుళ్లు సర్దుకున్నాయి. తగ్గించగానే నీరసం వస్తుందని ఆయనా భయపడ్డారు, రాలేదు. మీ ఇంట్లోవాళ్లను కూడా ఒకమాట అడగండి అన్నయ్యా, రిపోర్టులో కనపడనివి వాళ్లకు కనపడతాయి.

కొత్త_కాపురం

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకు 31, ఇంకా పిల్లలు లేరు. ఈ ఇంజెక్షన్ వేసుకుంటే మగతనం పెరిగి పిల్లలు పుట్టడం తేలికవుతుందని ఒకతను అన్నాడు. నిజమేనా?

ల్యాబ్_కోటు

తమ్ముడూ, పూర్తిగా తిరగేసి చెప్పాడు. బయటి నుంచి హార్మోన్ అందితే మెదడు వృషణాలకు పంపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు ఆగిపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి, చాలామందిలో సున్నాకి. ఆపాక కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పైనే. పిల్లలు కావాలనుకుంటే మొదలుపెట్టకముందే ఆ మాట డాక్టరుకు చెప్పు, వేరే మందులున్నాయి.

రెండో_ఇన్నింగ్స్

అందరికీ ధన్యవాదాలు. గురక ఉంది, ఇంట్లో అడిగితే మధ్యలో ఊపిరి ఆగినట్టు కూడా ఉంటుందట. డాక్టర్ గారికి ఈ సంగతి చెప్పలేదు. ఇంజెక్షన్ ఆపాను. నీళ్లు బాగా తాగి హెమటోక్రిట్ మళ్లీ చేయిస్తాను, ఫెరిటిన్ కూడా. దిగాక వారానికోసారి చిన్న డోసా, జెల్లా అనేది ఆయనతో తేల్చుకోవాలి. చిన్నపిల్ల భుజాలెక్కి ఆడుతుంది కాబట్టి జెల్ అంటే కాస్త వెనకాడుతున్నాను.

ల్యాబ్_కోటు

ఆ జంకు మంచిదే. చర్మం నుంచి పిల్లలకు అంటుకుంటుంది. రాసుకున్నచోట బట్ట కప్పి, చేతులు కడుక్కోవడం తప్పనిసరి. ఈలోగా ఒక కాలి పిక్కే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రిపోర్టు కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

ఉక్కు_భుజం

నేనూ ఈ వారం ఫెరిటిన్ చేయిస్తాను. డోసు సంగతి మాత్రం రిపోర్టు చూశాకే మాట్లాడతాను.