పక్క తోట సవానా పిల్లి పిట్టల్ని చంపుతోంది, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి?

అచ్చంపేట దగ్గర మాది అడవి అంచు ఊరు. చేను దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యమే. పక్క తోట ఆయన 4 నెలల కింద హైదరాబాద్ నుంచి సవానా పిల్లిని తెచ్చాడు. ఆఫ్రికాలోని సర్వల్ అనే అడవి పిల్లిని ఇంటి పిల్లితో కలిపి పుట్టించిన జాతి అది. ఎత్తు నా మోకాలి దాకా ఉంది. రాత్రి 9 దాటాక వదులుతారు, తెల్లారి 6 లోపు తిరిగొస్తుంది.

ఈ 3 వారాల్లో మా గట్ల మీద 7 పూరేడు పిట్టలు, 4 గువ్వలు, 2 చెవులపిల్లి కూనలు చచ్చి కనిపించాయి. చాలావాటిని తినలేదు కూడా, మెడ కొరికి వదిలేసింది. నోట గువ్వతో పోతుంటే సెల్‌లో రెండుసార్లు వీడియో తీశాను. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

రాత్రిళ్లు గదిలో ఉంచమని ఆయన్ని మూడుసార్లు అడిగాను. మెడకు గంట కట్టాడు, రెండు రోజుల్లో తెంపుకుంది. పంచాయతీలో పెంపుడు పిల్లి సంగతి మాకెందుకన్నారు. ఫారెస్ట్ వాళ్లేమో అది అడవి జంతువు కాదన్నారు.

ఆస్ట్రేలియా 2008లోనే ఈ జాతి దిగుమతిని ఆపేసింది. సర్వల్ సైటిస్ (అడవి జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది, వెనకటి నాలుగు తరాల్లో సర్వల్ ఉంటే సంకర పిల్లికీ ఆ నియమాలే వర్తిస్తాయి. మన వన్యప్రాణి చట్టంలోకి కూడా 2022 సవరణతో ఆ జాబితా వచ్చింది. కానీ ఇది ఎన్నో తరమో చూపే కాగితం ఆయన దగ్గర లేదట.

పిల్లిని చంపాలని కాదు, దాని తప్పేముంది. బయటికి వదలకపోతే చాలు.

తరం కాగితం లేని ఇలాంటి పిల్లి మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఏ అధికారికి ఇస్తే తీసుకుంటారు?