గౌట్ గడ్డ పగిలి కాలికి పుండు: వేలు తీయించాలా, ఫ్లాప్ వేయించాలా?

కాకినాడ కుర్రాడు:
మా నాన్నకి గౌట్ (యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే నొప్పి) ఏళ్ల తరబడి ఉంది. నొప్పొస్తే బిళ్ళ వేసుకోవడం, తగ్గగానే మానేయడం. ఇప్పుడు కుడికాలి బొటనవేలి మొదట్లో గడ్డ పగిలి పుండైంది, డ్రెస్సింగ్ తీసినప్పుడల్లా తడిసిన సుద్దలాంటి తెల్లటి ముద్ద వస్తోంది. చీము కాదట, యూరిక్ యాసిడ్ స్ఫటికాలట. అడుగున ఎముక కనబడుతోంది. ఒక డాక్టర్ వేలు తీసేద్దామన్నారు, ఇంకొకరు ఫ్లాప్ అంటున్నారు. తొడమీద చర్మం తీసి అతికిస్తే సరిపోదా? షుగర్ లేదు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

వార్డు నర్సు:
తొడ నుంచి తీసే గ్రాఫ్ట్ పల్చటి పొరండీ, దానికి సొంత రక్తనాళం ఉండదు, కిందనున్న కండ నుంచి రక్తం అందితేనే బతుకుతుంది. బోసి ఎముక మీదా, మిగిలిపోయిన సుద్ద మీదా పట్టదు. అందుకే ఫ్లాప్, అంటే చర్మాన్నీ కొవ్వునీ రక్తనాళంతో సహా తెచ్చి కప్పడం. మడమ దగ్గరైతే పిక్క వెనక నుంచి తిప్పుతారు కానీ వేళ్లదాకా అది అందడం కష్టం, పక్క చర్మాన్నే జరుపుతారు, లేదా తొడ నుంచి తెచ్చి మైక్రోస్కోప్ కింద నాళాలు కుడతారు. ముందు పుండు శుభ్రం చేయాలి, అది ఒక్కసారితో అవ్వదు, సుద్ద స్నాయువుల్లోకి పాకి ఉంటుంది. మధ్యలో వ్యాక్ మెషిన్ (పుండులోని తడిని లాగేసే పంపు) పెడితే కొందరికి ఎర్రటి కండ ఎముకని కప్పేస్తుంది, అప్పుడు గ్రాఫ్టుతోనే సరిపోయినవాళ్లూ ఉన్నారు. నాన్నగారు సిగరెట్ తాగితే ఇవాళే మాన్పించండి, దానివల్ల ఫ్లాప్ నల్లబడే ప్రమాదం పెరుగుతుంది.

గోదారిగట్టు:
మా బాబాయికి ఫ్లాప్ బాగానే పట్టింది, తర్వాత గౌట్ బిళ్ళలు మానేశాడు, పక్కనే ఇంకో గడ్డ పగిలింది. ఆపరేషన్ సగమే తమ్ముడూ. యూరిక్ యాసిడ్ 6 లోపు, ఇలా గడ్డలున్నవాళ్లకైతే 5 లోపు ఉండాలంటారు. ఆపరేషన్ వస్తోందని మీ అంతట మీరు అల్లోప్యూరినాల్ (యూరిక్ యాసిడ్ తగ్గించే బిళ్ళ) ఆపకండి. ఆపరేషన్ తర్వాత గౌట్ నొప్పి తిరగబెట్టడం మామూలే, వాపూ జ్వరమూ చూసి చీము పట్టిందని హడలిపోతారు, డాక్టరుకి గౌట్ సంగతి గుర్తుచేయండి. పప్పు మాన్పించి ముసలాయన్ని ఏడిపించకండి, అసలు మానాల్సింది తాగుడు, లివరు, బోటీ.

కాకినాడ కుర్రాడు:
థాంక్స్ అండీ. యూరిక్ యాసిడ్ 9.4 ఉంది. డాప్లర్ (కాలి రక్తనాళాల స్కాన్) ఇంకా తీయలేదు.

వార్డు నర్సు:
అయితే ముందు అదే తీయించండి. కాలికి రక్తం సరిగ్గా వెళ్లకపోతే ఏ ఫ్లాపూ నిలవదు. ఎముక కుళ్లిందేమో ఎంఆర్‌ఐలో చూస్తారు, కుళ్లి ఉంటే వేలు తీయమన్న డాక్టర్ చెప్పిందే సరైంది కావచ్చు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు కూడా పట్టుకెళ్లండి, మందు మోతాదు దాన్నిబట్టే మొదలెడతారు.