చెల్లుబడి అంటే అధికారమేనా?

గ్రూపులో ఒకరు అడిగారు, చెల్లుబడి అన్నా అధికారం అన్నా ఒకటే కదా, రెండు మాటలెందుకని. నా మటుకు అవి ఒకటి కావు. మా రాయచోటి వైపు "ఆయప్పకు మండలాఫీసులో దండిగా చెల్లుబడి ఉంది" అంటే ఆయప్ప అక్కడ ఉద్యోగి అయి ఉండనక్కర్లేదు, చెప్పిన పని అక్కడ అవుతుంది, అంతే. రూపాయి చెల్లినట్టే మాట కూడా ఎదుటివాళ్ళు తీసుకున్నంత కాలమే చెల్లుతుంది.

ఈ తేడా రామదాసు పండితుడి కథలో బాగా కనిపిస్తుంది (భద్రాచల రామదాసు కాదు, ఈయన వేరే). 1748లో దక్కనును ఏలిన మొదటి నిజాం, నిజాముల్ముల్క్ పోయాక కొడుకు నాసిర్ జంగ్, కూతురి కొడుకు ముజఫర్ జంగ్ గద్దె కోసం కొట్లాడుకున్నారు. రామదాసు నాసిర్ జంగ్ కొలువులో ఉంటూనే పుదుచ్చేరిలోని ఫ్రెంచి గవర్నరు డూప్లేతో లోపాయికారీగా మంతనాలు నడిపాడు. 1750 డిసెంబరులో తమిళ దేశంలోని సెంజి కోట దగ్గర నాసిర్ జంగ్‌ను చంపేశారు, ఆ కుట్రలో మన కడప, కర్నూలు నవాబులూ ఉన్నారు. గద్దె ముజఫర్ జంగ్‌కు దక్కింది, రామదాసు దివాన్ అయ్యి రాజా రఘునాథదాసు అనిపించుకున్నాడు.

అసలు సంగతి మా ఊరి దగ్గరే జరిగింది. హైదరాబాదు పోతున్న ముజఫర్ జంగ్ దండు 1751 ఫిబ్రవరిలో రాయచోటి ప్రాంతానికి వచ్చేసరికి, చేసిన సాయానికి తగినంత ముట్టలేదని నవాబులు తిరగబడ్డారు. ఆ పోరులో ముజఫర్ జంగ్, కర్నూలు నవాబు హిమ్మత్ ఖాన్ ఇద్దరూ చచ్చిపోయారు. తన ప్రభువు పోయాడు కాబట్టి దివాన్ పనీ అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు, కానీ రఘునాథదాసు ఫ్రెంచి సేనాని బుస్సీతో కలిసి, చనిపోయినవాడి పసికొడుకును పక్కన పెట్టి, అదే దండులో కాపలా మధ్య బందీగా ఉన్న నాసిర్ జంగ్ తమ్ముడు సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించాడు. తాను దివాన్‌గానే ఉన్నాడు! మూడో ప్రభువు దగ్గర కూడా మాట చెల్లించుకున్నాడంటే, అదీ చెల్లుబడి.

1752లో జీతాలు చెల్లించలేదని సిపాయిలే ఆయన్ను చంపేశారు. ఆ రోజుకీ దివాన్ పదవి ఉంది, బిరుదు ఉంది, వెనక బుస్సీ ఉన్నాడు. ఆకలితో ఉన్న సిపాయి దగ్గర మాత్రం దివాన్ మాట చెల్లలేదు. అందుకే ఇక్కడ "అధికారం పోయింది" అని రాస్తే తప్పవుతుంది, "చెల్లుబడి పోయింది" అనాలి.

కింద వ్యాఖ్యల్లో ఒకరు చెల్లుబాటు అనే మాట గురించి అడిగారు. నేను వినే వాడుకలో నోటుకు, సర్టిఫికెట్‌కు చెల్లుబాటు, మనిషికి చెల్లుబడి. కర్నూలు, అనంతపురం వాళ్ళు ఎలా అంటారో చెప్పండి, ముఖ్యంగా పెద్దవాళ్ళ నోట విన్న వాక్యం ఉంటే ఉన్నదున్నట్టు రాయండి.