ఆశ్రమ వంటశాల: వంతు సేవా, జీతపు వంటవాళ్లా?
(మారుపేర్లతో సాగిన చర్చ; ప్రతి మాటకీ పైన ఉన్నది రాసినవారి మారుపేరు)

పద్దుపుస్తకం
ఒక మాదిరి ఆశ్రమం అనుకోండి. 40 మంది అంతేవాసులు, మధ్యాహ్నం రోజూ 150 విస్తళ్లు, పౌర్ణమికి 600. తరుగుడు, వంట, వడ్డన, అంట్లు అన్నీ వంతుల వారీగా అంతేవాసులే చేస్తారు. ఇలాంటి చోట్ల కమిటీలో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట లేస్తుంది: ఇద్దరు వంటమేస్త్రీలని, నలుగురు పనివాళ్లని జీతానికి పెట్టుకుందాం, వంట నిలకడగా ఉంటుంది, అంతేవాసులు జపధ్యానాలు చూసుకుంటారు అని. వద్దనేవాళ్లు, సేవ తీసేస్తే ఆశ్రమానికీ సత్రానికీ తేడా ఏముందంటారు. వంటశాల లోపలి సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. తమ కోసమే వండుకునేవాళ్లు పాపాన్నే తింటారన్న గీత మూడో అధ్యాయం 13వ శ్లోకం ఎలాగూ ఎవరో ఒకరు ఎత్తుతారు. దాన్ని ముందే ఒప్పేసుకుని మాట్లాడుకుందాం.

పొయ్యిగట్టు
నా ఓటు జీతపు వంటవాళ్లకే. కారణం భక్తి తక్కువై కాదు, ఉప్పు ఎక్కువై.

ఇళ్లలో రుచి చూసి సరిచేసుకుంటాం. ఆశ్రమంలో నైవేద్యం అయ్యేదాకా నాలుక మీద వేసుకోకూడదు. అంటే 11.30కి గంట మోగేదాకా పప్పులో ఉప్పు ఉందో లేదో ఎవరికీ తెలియదు. మొదటి బంతి 12 గంటలకి. ఆ అరగంటలో తేలిన తప్పుని 150 మందికి సరిదిద్దడం మాటలు కాదు. ఇలా రుచి చూడకుండా వండాలంటే చేతికి కొలత పట్టాలి, చేతికి కొలత పట్టాలంటే అదే చెయ్యి రోజూ వండాలి. వంతుల్లో సోమవారం చెయ్యి మళ్లీ వచ్చే సోమవారం దాకా రాదు.

వంతు మారేటప్పుడే అసలు ప్రమాదం. ముందువాళ్లు ఉప్పు వేసి వెళ్లిపోతారు, తర్వాతవాళ్లు వేయలేదేమోనని మళ్లీ వేస్తారు. లేదా ఎవరికి వాళ్లు పక్కవాళ్లు వేశారనుకుని అసలు వేయరు. ఈ రెండోదే నయం, విస్తట్లో ఉప్పు ఉంటుంది కనక.

అంట్లతొట్టి
పొయ్యిగట్టు గారూ, మీరు చెప్పిన జబ్బు నిజమే, మందు మాత్రం జీతం కాదు, తక్కెడ.

150 మందికి దోసకాయ పప్పు లెక్క చూడండి. కందిపప్పు 4 కిలోలు, దోసకాయ 3 కిలోలు. చింతపండు రసం, తాలింపు అన్నీ కలిసి దింపేసరికి సుమారు 20 కిలోల పప్పు. తయారైన పదార్థం కిలోకి 9 గ్రాముల ఉప్పు అనుకుంటే 180 గ్రాములు. ఆ బరువు తూచి, చిన్న గిన్నెలో పోసి, పొయ్యి గట్టు మీద పెట్టాలి. గిన్నె ఖాళీ అయితే ఉప్పు పడినట్టు. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరూ నాలుక మీద వేసుకోనక్కర్లేదు. గ్లాసుతో కొలిచే అలవాటు ఉంటే అది మానాలి: అదే గ్లాసులో సన్న ఉప్పు ఎక్కువ తూగుతుంది, కల్లుప్పు తక్కువ తూగుతుంది. కొట్టు నుంచి వచ్చిన బస్తా మారిన రోజే పప్పు ఉప్పుకషాయం అయ్యేది ఇందుకే.

ఇక పని గంటలు. మధ్యాహ్న భోజనం ఒక్కదానికే లెక్కేస్తున్నాను:
తరుగుడు: కూరగాయలు 15 కిలోలు, ఎనిమిది మంది, గంటంపావు. మొత్తం 10 గంటలు.
వంట: ఇద్దరు, ఐదేసి గంటలు. 10.
వడ్డన: ఆరుగురు, గంటన్నర. 9.
అంట్లు: ఐదుగురు, గంటన్నర. 7.5.
భోజనశాల ఊడ్చి తుడవడం: ఇద్దరు, ఒక గంట. 2.

కలిపితే 38.5 గంటలు. 40 మందిలో పెద్దవాళ్లని, ఒంట్లో బాగాలేనివాళ్లని 12 మందిని తీసేయండి. మిగతా 28 మందికి తలా గంటన్నర కూడా పడదు. దీనికి ఆరుగురు జీతగాళ్లు కావాలా?

పద్దుపుస్తకం
కూడిక బాగుంది, కానీ గంటలన్నీ ఒకేలాంటివి కావు కదా. తరుగుడు పొద్దున ఆరింటికే అయిపోతుంది, ఎవరైనా వస్తారు. వంట, వడ్డన, అంట్లు మాత్రం పొద్దున ఆరున్నర నుంచి మధ్యాహ్నం రెండున్నర మధ్యలోనే పడతాయి. ఆఫీసు చూసేవాళ్లు, గోశాల చూసేవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు ఆ వేళకి ఎక్కడ దొరుకుతారు? కాగితం మీద 28, పొయ్యి దగ్గర 11.

అంట్లతొట్టి
ఒప్పుకుంటాను. అందుకే పాఠం పదిన్నరకల్లా ముగించేయాలి. వంటశాల వేళకి మిగతావి సర్దుకోవాలి గానీ, పాఠం వేళకి వంట సర్దుకోదు.

మూడోబంతి
జీతమా సేవా అని రెండుగా చీల్చడం దగ్గరే మన చర్చ దారి తప్పింది. తిరుమల చూడండి. నిత్యాన్నదానం 1985 ఏప్రిల్ 6న మొదలైంది, శ్రీవారి సేవ 2000లో వచ్చింది. వంట అక్కడి వంటశాల సిబ్బందిది. సేవకులు కూరగాయలు తరుగుతారు, వడ్డిస్తారు. వారం రోజులకి వచ్చే సేవకుడికి గంగాళం అప్పగించరు. ఇటు రమణాశ్రమంలో చాలా ఏళ్లు మహర్షే తెల్లవారకముందు వంటింట్లో కూర్చుని కూరలు తరిగేవారు. అక్కడా పొయ్యి దగ్గర రోజుకొక కొత్త మనిషి లేరు, ఏళ్ల తరబడి ఉన్న కొందరే వండేవారు. ఒకటి అంత పెద్ద సంస్థ, ఇంకోటి చిన్న ఆశ్రమం. రెండూ ఒకే గీత గీశాయి: కత్తిపీట అందరిదీ, పొయ్యి కొందరిదీ.

డొక్కా సీతమ్మ గారి పోలిక తెస్తారేమో. ఆవిడది గృహస్థు ఇల్లు, వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లకి వండిపెట్టిన చెయ్యి ఒకటే. మన ప్రశ్న వచ్చిందే చేతులు ఎక్కువై.

పొయ్యిగట్టు
సరే, ఉప్పు తూచారు. అన్నం ఎలా తూస్తారు? 150 మందికి బియ్యం 18 కిలోలు. కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు, అంతా ఒకే గుండిగలో పోయడం. అడుగు ముద్ద, పైన పలుకు. తొమ్మిదేసి కిలోలు రెండు గుండిగల్లో పడాలి. ఎసరు తెర్లుతున్నప్పుడే బియ్యం వేసి, తెడ్డుతో అడుగు నుంచి ఒకసారి కదిపి వదిలేయాలి, మాటిమాటికీ కలిపితే మెతుకు విరుగుతుంది. వేళ్ల మధ్య నొక్కితే మధ్యలో సన్నటి పలుకు తగులుతుండగానే వార్చేయాలి, ఆ మిగతాది ఆవిరికి మగ్గిపోతుంది. పాత బియ్యానికి ఈ క్షణం ఒకచోట, కొత్త బియ్యానికి ఇంకోచోట. చీటీ మీద రాసిపెట్టినా ఇది రాదు.

వార్చడం ఇంకా పెద్ద గండం. మూతికి గుడ్డ కట్టి ఇద్దరు ఎత్తి వంచాలి. మడి కట్టుకున్నవాళ్లు తడి గుడ్డతో గుండిగ చెవులు పట్టుకుంటారు. పొడి మసిగుడ్డ వేడిని కాసేపు ఆపుతుంది, తడిది ఆపదు. ఆ నీళ్లే ఆవిరై చెయ్యి కాలుస్తాయి. చెయ్యి కాలినవాడు తన చెవి వదిలేస్తాడు, గంజంతా రెండోవాడి కాళ్ల మీద. వంతు వచ్చిందని 60 ఏళ్ల పెద్దమనిషినీ నిన్న చేరిన కుర్రాణ్నీ జత కడితే జరిగేది ఇదే. సేవ పేరుతో మనిషిని ఇంత ప్రమాదంలోకి పంపే హక్కు ఎవరికీ లేదు.

కరివేపరెమ్మ
ఇక్కడందరూ వంతు అంటే నిజంగా వంతే అనుకుంటున్నారు. గోడ మీద వంతుల పట్టిక ఒకసారి దగ్గరగా చదవండి. వడ్డన దగ్గర మగవాళ్లు, తరుగుడు దగ్గర ఆడవాళ్లు, అంట్ల దగ్గర కొత్తగా చేరినవాళ్లు, మడి వంట అనగానే ఫలానా ఇంటివాళ్లు మాత్రమే. దాత కుటుంబం సెలవులకి వస్తే వాళ్లకి నెయ్యి గరిటె. అంట్ల తొట్టి దగ్గర దాతని చూసినవాళ్లు చెయ్యెత్తండి.

మడిని తీసేయమని నేను అనను. స్నానం చేసి, ఉతికిన నూలుబట్ట కట్టి, జుట్టు ముడేసి, మాట్లాడకుండా వండటం ఏ వంటశాలకైనా మంచి నియమమే. అది ఎవరు పాటించినా మడే కావాలి. పుట్టుకని బట్టి మడి అయితే దానికి సేవ అని పేరెందుకు? జిల్లెళ్లమూడి అమ్మ ఆశ్రమంలో 1958 ఆగస్టు 15న అన్నపూర్ణాలయం మొదలైన దగ్గర్నుంచి ఎవరు, ఎక్కడివారు అని అడక్కుండానే అన్నం పెట్టారు. తినేవాణ్ని అడగనప్పుడు వండేవాణ్ని అడగడం ఏం న్యాయం?

జీతగాళ్లని పెడితే ఈ జబ్బు ఇంకా ముదురుతుంది. తొట్టి దగ్గర కూర్చునేవాళ్లు శాశ్వతంగా వేరే మనుషులైపోతారు.

మూడోబంతి
కరివేపరెమ్మ గారి మాటకి నా దగ్గర జవాబు లేదు. పట్టికలో అంట్ల వంతు ముందు నింపి, తర్వాత మిగతావి నింపితే కొంత దారికొస్తుంది. ట్రస్టీ పేరు కూడా అందులో ఉండాలి.

తూమెడు
అందరూ వండటం గురించే అంటున్నారు, మిగిలినదాని గురించి ఎవరూ అనరు. వంతుల పద్ధతిలో గొలుసు తెగేది అక్కడే.

మధ్యాహ్నం ఒకటిన్నరకి ఐదారు కిలోల అన్నం మిగులుతుంది. వడ్డించినవాళ్ల వంతు అయిపోయింది, రాత్రి వంతువాళ్లు ఐదింటికి వస్తారు. మధ్యలో ఆ గుండిగ ఎవరిదీ కాదు. మూత పెట్టి వదిలేస్తారు. లోపల కుప్ప మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది, అన్నం పాడుచేసే క్రిములకి అంతకన్నా హాయి లేదు. సాయంత్రం ఎవరో చూసి, అయ్యో పారేస్తామా, పులిహోర కలిపేద్దాం అంటారు. చింతపండు పులుపులో, ఇంగువ వాసనలో పాసిన వాసన దాక్కుంటుంది. మళ్లీ వేడిచేసినా లాభం లేదు, ఆ క్రిములు వదిలే విషాల్లో వేడికి చావనిది ఒకటుంది.

చేయాల్సింది: చివరి బంతి లేచిన వెంటనే మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్లేల్లో రెండంగుళాలకి మించకుండా పరిచి, ఆవిరి పోగానే చల్లటి చోటికి చేర్చాలి. చల్లటి చోటు లేకపోతే రెండు గంటల్లోపు పంచేయాలి. గోశాలకి వేసినా పిడికెడే, ఆవుకి అన్నం ఎక్కువైతే కడుపు పులుస్తుంది. జీతగాడైనా, సేవకుడైనా ఈ పని ఫలానావాడిదని పేరు రాసి ఉండాలి.

పొయ్యిగట్టు
తూమెడు గారు చెప్పింది నా వాదనే. బాధ్యత ఒకరి పేరు మీద ఉండాలి. అలా ఉండేది జీతగాడి మీద.

తూమెడు
కాదండీ. జీతగాడు రెండింటికి ఇంటికి వెళ్లిపోతాడు. పెళ్లిళ్ల సీజన్‌లో అసలే రాడు, రెట్టింపు కూలి ఇచ్చేవాడి దగ్గరికి పోతాడు. అది అతని తప్పు కాదు, అతనిది బతుకుతెరువు. మాఘమాసంలో మేస్త్రీ రాని రోజున 150 మందికి ఎసరు పెట్టడం తెలిసినవాళ్లు ఆశ్రమంలో నలుగురైనా లేకపోతే ఆ పూట అటుకులే.

ఇంకోటి. గౌరవ వేతనం అని కవర్లో పెట్టి ఇవ్వడం మొదలుపెడితే పద్దులో అది జీతమే. హాజరు పట్టీ, కనీస వేతనం, వారానికొక సెలవు అన్నీ చూడాలి. సేవే కదా అని సగం జీతానికి పన్నెండు గంటలు చేయించుకోవడం అన్నిటికన్నా హీనం.

అంట్లతొట్టి
అయితే నా వైపు నుంచి కొంత దిగుతాను. పొయ్యికి ఇద్దరు పెద్దలు ఆర్నెల్లపాటు స్థిరంగా ఉండాలి, వాళ్లు అంతేవాసులే. వాళ్ల చేతికింద నెలకొకరు నేర్చుకునేవాళ్లు. మొదటి వారం చూడటమే, రెండోవారం పప్పు, మూడోవారం పులుసు, అన్నం వార్చేది నాలుగోవారంలోనే. తరుగుడు, వడ్డన, అంట్లు రోజువారీ వంతులు. పౌర్ణమికి మాత్రం 600 మంది కాబట్టి వంటమేస్త్రీని కూలికి పిలుద్దాం, పూర్తి కూలి ఇద్దాం.

పొయ్యిగట్టు
ఆర్నెల్లు కాదు, ఏడాది. బోరు నీళ్లు కాలాన్ని బట్టి మారతాయి. వేసవిలో నీళ్లు గట్టిపడితే కందిపప్పు ఎంతకీ ఉడకదు. కొత్తవాళ్లు మంట పెంచి అడుగంటిస్తారు. గంట ముందు నానబెట్టి, మెత్తబడ్డాకే చింతపండు రసం పోయాలని తెలియాలంటే ఒక వేసవి దాటాలి. ముందే పులుపు పడితే పప్పు బిర్రబిగుసుకుపోతుంది.

కరివేపరెమ్మ
ఆ ఇద్దరు పెద్దల్ని ఎవరు ఎంచుతారు? కమిటీయా?

అంట్లతొట్టి
తినేవాళ్లు.

కరివేపరెమ్మ
అలాగైతే పట్టిక చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.

పద్దుపుస్తకం
పట్టిక ముసాయిదా రేపు ఇక్కడే పెడతాను, అంట్ల వరస పైన ఉంటుంది. ఈలోగా పొయ్యిగట్టు గారూ, ఒకటి చెప్పండి: తక్కెడ ఉన్నా ఏదో ఒక రోజు రెండుసార్లు ఉప్పు పడితే? బంగాళదుంప ముక్కలు వేస్తే లాగేస్తుందంటారు.

పొయ్యిగట్టు
దుంప ఏమీ లాగదు, తన చుట్టూ ఉన్న ఉప్పునీళ్లు కాస్త పీల్చుకుంటుంది అంతే, మిగిలిన పప్పు అంతే ఉప్పగా ఉంటుంది. రోజూ ఒక కిలో కందిపప్పు ఉప్పు లేకుండా విడిగా ఉడికించి పెట్టుకోండి. ఉప్పు ఎక్కువైతే అందులోంచి కలపండి, కొంత తగ్గుతుంది. రెండింతలు పడితే మాత్రం అదొక్కటే సరిపోదు. సరిపోతే రాత్రి చారులోకి వెళ్తుంది, వృథా కాదు.

అంట్లతొట్టి
ఇంకో గిన్నె తోమాలన్నమాట.